మెషిన్ అరిస్తే ముందు వెనక రేకు విప్పించండి

మా వాషింగ్ మెషిన్ స్పిన్‌లోకి వెళ్లిందంటే పక్కింటి వాళ్లకు కూడా తెలిసిపోయేది. నీళ్లు పట్టేటప్పుడు, ఉతికేటప్పుడు మామూలుగానే ఉండేది. ఆఖర్లో బట్టలు పిండే దశ రాగానే గరగరమని మొదలై, వేగం పెరిగేకొద్దీ హోరుగా మారి, వెనక వసారా కిటికీ అద్దాలు అదిరేవి. ముందు తలుపు ఉన్న ఏడు కిలోల మెషిన్. కొని ఎనిమిదేళ్లయింది. "ఎనిమిదేళ్లు వాడారు కదా, ఇంకెందుకు, కొత్తది తీసుకోండి" అని విన్నవాళ్లంతా ఒకే మాట అన్నారు. మా స్కూల్లో స్టాఫ్‌రూములోనూ అదే మాట, ఫోనులో మా చెల్లెలిదీ అదే మాట.

నాకు మింగుడుపడలేదు. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చూడలేదు. చూడకుండానే తీర్పు చెబుతున్నారు. అయితే తొందర కూడా ఉంది. మా అత్తయ్య పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. ఆవిడ దుప్పట్లు, నైటీలు రోజూ ఉతకాల్సిందే. మెషిన్ ఆగితే ఆ పని ఎవరి చేతుల మీద పడుతుందో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. కొత్తదైతే డబ్బు కట్టిన మర్నాటికి ఇంటికి వస్తుంది. ఆ ఆశ చిన్నదేమీ కాదు.

ముందు కంపెనీ సర్వీసుకు ఫోను చేశాం. వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే. డ్రమ్ము చేత్తో ఒకసారి తిప్పి, "బేరింగు పోయింది మేడం, టబ్బు సెట్టు మొత్తం మార్చాలి" అన్నాడు. బేరింగు అంటే ఇరుసు సాఫీగా తిరగడానికి దాని చుట్టూ ఉండే గుండ్ల కట్టు. సెట్టు 11,800, కూలి 1,500, చూసినందుకు వేరే 600. కొత్త మెషిన్ 31,000 దాకా ఉంది. "ఇంత పెట్టి బాగు చేయించుకునే బదులు కొత్తది నయం, పాతదానికి ఎక్స్చేంజిలో 2,000 వస్తుంది" అని తనే చెప్పాడు. బేరింగు ఒక్కటే మార్చకూడదా అని అడిగితే, మా దగ్గర విడిగా రాదు అన్నాడు. అంతకు మించి అతనికి చెప్పే వీలు లేదేమో. వెనక రేకు మాత్రం విప్పలేదు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన బిట్రగుంటలో రైల్వే ఫిట్టరు, క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగం. కావలికీ నెల్లూరికీ మధ్య ఉన్న బిట్రగుంట ఒకప్పుడు పొగబండ్ల షెడ్డుతో, పెద్ద యార్డుతో కళకళలాడిన రైల్వే ఊరు. బండి స్టేషన్లోకి వచ్చేటప్పుడు పట్టాల పక్కన కూర్చుని ఒక్కొక్క చక్రం దాటుతుంటే దాని చప్పుడు వినడం ఆయన ఉద్యోగంలో భాగం. రోలింగ్ ఇన్ అంటారు. బండి ఆగాక యాక్సిల్ బాక్సుకు, అంటే ఇరుసు కొసన బేరింగు ఉండే పెట్టెకు, అరచేతి వెనక భాగం దగ్గరగా పెట్టి వేడి చూసేవారు. బేరింగు బిగుసుకుపోయి వేడెక్కితే ఇరుసే విరిగిపోవచ్చు, బండి పట్టాలు తప్పవచ్చు. అలాంటి పనిలో జీవితం గడిపిన మనిషి మా మెషిన్ హోరు విని ఊరుకుంటారా? శబ్దం ఫోనులో వినిపించాను. "ప్లగ్గు పీకి పక్కన పెట్టు. నేను వచ్చిందాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు" అన్నారు. పొద్దున బస్సుకే కావలి వచ్చేశారు.

వచ్చీ రాగానే మంచినీళ్లు తాగి మెషిన్ దగ్గర చతికిలబడ్డారు. ప్లగ్గు తీసి ఉందో లేదో తన కళ్లతో చూసుకున్నారు, కుళాయి కట్టేయించారు. మెషిన్ని గోడ నుంచి జరిపించి, నాలుగు మూలల స్క్రూలు విప్పి వెనక రేకు తీశారు. లోపల నీళ్లు నిలిచే పెద్ద నల్లని టబ్బు, దాని నడుమన పళ్లెమంత చక్రం, ఆ చక్రం నుంచి కిందున్న మోటారుకు బెల్టు. బెల్టు ఊడదీసి, "ఒక చెక్క తెడ్డు ఇవ్వమ్మా" అన్నారు. పప్పు మెదిపే తెడ్డు ఇచ్చాను. దాని ఒక కొసను టబ్బు వెనక, చక్రం నడిమి భాగానికి ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకుని, ఎడమ చేత్తో చక్రం మెల్లగా తిప్పారు. కళ్లు మూసుకున్నారు. కాసేపటికి తెడ్డు నాకిచ్చి "విను" అన్నారు.

విన్నాను. తిరగలిలో రాతి మీద రాయి తిరిగినట్టు గరుకుగా, ఒకచోట ఆగి, మళ్లీ ఒకచోట పట్టుకుని. బయటికి వినిపించని చప్పుడు చెక్క గుండా నేరుగా చెవిలో పడింది. తర్వాత మోటారును విడిగా చేత్తో తిప్పి చూపించారు. దానిలో ఏ చప్పుడూ లేదు. బెల్టు లేకుండా డ్రమ్ము తిప్పితే గరగర వస్తోంది, మోటారు తిప్పితే రావడం లేదు. కాబట్టి జబ్బు బేరింగులోనే ఉంది, మోటారు బాగుంది. ముందుకు వచ్చి తలుపు తెరిచి, డ్రమ్ము అంచు పట్టుకుని పైకెత్తి వదిలారు. టక్‌మని చిన్న ఆట. బేరింగు గట్టిగా ఉంటే టబ్బు మొత్తం కదులుతుంది తప్ప డ్రమ్ము విడిగా కదలదు. ఆఖరున చక్రం కింద టబ్బు మీదికి దిగిన ఎర్రటి తుప్పు చారిక చూపించి, "ఇదమ్మా అసలు సంగతి. సీలు పోయి నీళ్లు బేరింగులోకి దిగాయి" అన్నారు.

ఆ చారిక చూశాక నాకు మొత్తం అర్థమైంది, మీకూ అర్థమయ్యేలా చెబుతాను. బట్టలు పడే స్టీలు డ్రమ్ముకు వెనకవైపు మూడు కాళ్ల అల్యూమినియం చట్రం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని స్పైడర్ అంటారు. దాని నడుమ నుంచి ఇనుప ఇరుసు బయటి టబ్బు గోడ దాటి వెనక్కి వస్తుంది. ఆ గోడలో రెండు బేరింగులు, వాటికి ముందు నీళ్లు రాకుండా ఒక రబ్బరు సీలు. బరువంతా ఆ రెండు బేరింగుల మీదే. నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు కిలో తడి బట్ట డ్రమ్ము గోడ మీద 300 కిలోల పైన బరువై ఒత్తుతుంది. ఉతికేటప్పుడు నోరెత్తని బేరింగు స్పిన్‌లో హోరెత్తడానికి కారణం అదే. సీలు ఒక్కసారి వదులైతే సబ్బునీళ్లు లోపలికి దిగి గ్రీజును కడిగేస్తాయి, గుండ్లు తుప్పు పడతాయి, ఆ తర్వాత ఎంత ఓపిక పట్టినా శబ్దం పెరగడమే కానీ తగ్గడం ఉండదు. అలాగే వాడుతూ పోతే ఇరుసు అరిగి, డ్రమ్ము టబ్బును కోసేసే దాకా వస్తుంది. అందుకే నాన్న ప్లగ్గు పీకమన్నది.

శబ్దాలన్నీ బేరింగువే కావు, ఇది చాలామందికి తెలియక నష్టపోతున్నారు. నీళ్లు బయటికి వదిలేటప్పుడు మాత్రమే కటకటమంటే కింద ముందువైపు చిన్న తలుపు తీసి పంపు ఫిల్టరు చూడండి. పిన్నీసో, జాకెట్టు హుక్కో, రూపాయి బిళ్లో దొరుకుతుంది. స్పిన్ మొదట్లో దబదబమని కొట్టుకుంటే టబ్బు ఊగకుండా కింద ఆపే షాక్ అబ్సార్బర్లు అరిగి ఉంటాయి, లేదా మెషిన్ నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆని ఉండవు. కీచుమంటే బెల్టు. సింగరాయకొండలో మా బంధువుల ఇంట్లో కొత్త మెషిన్ మొదటి రోజే గదంతా నడిచింది. రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించే పొడుగు బోల్టులు తీయకుండానే ఆన్ చేశారు. ఆ బోల్టులు తీస్తే సరిపోయింది. వీటిలో ఏదీ మెషిన్ మార్చాల్సిన జబ్బు కాదు. బెల్టు లేకుండా మోటారు నేరుగా డ్రమ్ముకే ఉండే మెషిన్లు కూడా ఉన్నాయి. వాటిలో మా నాన్న చేసినట్టు విడదీసి వినడం కుదరదు కానీ డ్రమ్ము అంచు ఎత్తి చూసే పరీక్ష మాత్రం పనికొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బేరింగు పోయిందని తేలింది. బాగు చేయించాలా, మార్చాలా? దీనికి జవాబు మెషిన్ వయసులో లేదు, టబ్బు అంచులో ఉంది. బయటి టబ్బు రెండు సగాలుగా తయారవుతుంది. కొన్ని మోడళ్లలో ఆ రెండు సగాలనూ చుట్టూ స్క్రూలతో బిగిస్తారు. కొన్నిటిలో ప్లాస్టిక్కును కరిగించి అతికించేస్తారు. స్క్రూలున్నదైతే విప్పి, 1,000, 1,500 రూపాయల బేరింగులు వేసి మూయవచ్చు. అతికించినదైతే కంపెనీ లెక్కలో టబ్బు మొత్తం మార్చాల్సిందే. కొందరు మెకానిక్కులు దాన్ని హ్యాక్సా బ్లేడుతో కోసి, పని అయ్యాక సిలికాన్ పూసి బోల్టులు వేసి మూస్తారు. నేర్పున్న చేయి అయితే నిలుస్తుంది. లేకపోతే నెల తిరక్కముందే నేల తడుస్తుంది. వేల రూపాయల వస్తువులో రెండు బేరింగులు అందకుండా అతికించి అమ్మడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇది నా గట్టి అభిప్రాయం.

నాన్న టార్చి వేసి చూస్తే మా టబ్బు చుట్టూ వరసగా స్క్రూ తలలు కనిపించాయి. అప్పుడే సగం తేలిపోయింది.

కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక మెకానిక్ ఉన్నాడు. సొంతంగా పెట్టుకున్న చిన్న దుకాణం. నాన్న వెళ్లి మాట్లాడి వచ్చారు. ఇద్దరు మనుషులు ఆటో తీసుకొచ్చారు. మెషిన్ ఎత్తలేక ఒకచోట దించి, పై రేకు తీసి సిమెంటు దిమ్మ విడిగా దించాక తేలికైంది. వాషింగ్ మెషిన్లో సిమెంటు దిమ్మ ఉంటుందని అప్పుడే చూశాను. డ్రమ్ము గిరగిరా తిరిగేటప్పుడు మెషిన్ ఎగిరిపడకుండా టబ్బుకు ఆ బరువు కడతారట.

టబ్బు తెరిచేటప్పుడు నేనూ వెళ్లాను, ఆదివారం కాబట్టి కుదిరింది. స్పైడర్ కాళ్ల మీద తెల్లగా, బూడిదలా పెచ్చు కట్టి ఉంది. మాకు బట్టలకు బోరు నీళ్లే. ఉప్పదనం ఉన్న నీళ్లు. పైగా తుమ్మలపెంట సముద్రం దగ్గరే కాబట్టి కిటికీ ఊచలు కూడా రెండేళ్లకే తుప్పు పడతాయి. ఉప్పునీళ్లు, ఘాటైన సబ్బు పొడి కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి. ఈ స్పైడర్ విరిగితే బేరింగు మార్చి లాభం లేదు. మెకానిక్ స్క్రూడ్రైవరు మొనతో ఒక్కొక్క కాలినీ పొడిచి చూశాడు. పెచ్చు రాలింది, లోపలి లోహం గట్టిగానే ఉంది. "కాళ్లు బాగున్నాయి పెద్దాయనా" అన్నాడు. నాన్న అంతటితో ఆగలేదు. ఇరుసు మీద సీలు ఆనుకుని తిరిగే చోట గుడ్డతో తుడిచి, బొటనవేలి గోరు అడ్డంగా లాగారు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. "గాడి పడలేదు నాయనా, నున్నటి ఎమెరీ కాగితం ఒకసారి పట్టించు చాలు" అన్నారు. అక్కడ గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా నాలుగు నెలల్లో కారేదట. అప్పుడు స్పైడరే మార్చాలి, లెక్క మారిపోతుంది. ఆ గోటి పరీక్ష చూడటం కోసమైనా ఆ రోజు వెళ్లడం మంచిదైంది.

పాత బేరింగుల మీద నంబర్లు ఉన్నాయి: 6205, 6206. ఇవి వాషింగ్ మెషిన్ కోసమే చేసినవి కావు, పంపు మోటార్లలోనూ వాడే మామూలు నంబర్లు. ఈ నంబర్లలో చివరి రెండు అంకెలను అయిదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది: 25, 30. నాన్న వాటిని నెల్లూరులో బేరింగుల దుకాణంలో బిల్లుతో కొనుక్కొచ్చారు. బేరింగుల్లో నకిలీలు ఎక్కువ, పెట్టె చూసి మోసపోతామని ఆయన భయం. రెండు వైపులా ఇనుప రేకు మూత ఉన్న రకం వద్దని, రబ్బరు మూత ఉన్న రకమే కావాలని అడిగి తెచ్చారు. నీళ్ల దగ్గర రబ్బరు మూతే మేలు. బేరింగు ఎక్కడైనా దొరుకుతుంది కానీ సీలు దొరకడమే కష్టం. అది ఆ మోడలుకే సరిపోయే కొలతతో ఉంటుంది. మెకానిక్ విడిభాగాల దుకాణానికి చెప్పి తెప్పించాడు. పని ఆలస్యమైందంటే దాని వల్లే. అన్ని రోజులూ అత్తయ్య దుప్పట్లు పక్కింటి వాళ్ల మెషిన్లో వేసుకున్నాం. ఆ ఇల్లాలి మేలు మరవలేనిది.

బేరింగులు 1,100, సీలు 450, షాక్ అబ్సార్బర్ల జత 900, కూలి 1,800. మొత్తం 4,250. మోటారు బొగ్గులు, అంటే లోపల అరిగే కార్బన్ బ్రష్షులు, సగానికి పైగా మిగిలే ఉన్నాయి కాబట్టి మార్చలేదు. పనికి ఆరు నెలల హామీ కాగితం మీద రాసిచ్చాడు.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చేయాలని ఒక లెక్క చెబుతుంటారు. అదొక్కటే పట్టుకుంటే కంపెనీ చెప్పిన 13,300 కూడా 31,000లో సగం లోపే. అంటే ఆ లెక్క ప్రకారం టబ్బు సెట్టు వేయించుకోవచ్చు. కానీ మెషిన్‌ని నడిపించే ఎనిమిదేళ్ల ఎలక్ట్రానిక్ బోర్డు, ఎనిమిదేళ్ల మోటారు ఉన్న మెషిన్ మీద నేను అంత పెట్టను. రేపు కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు పోతే ఆ డబ్బూ నీళ్లపాలే. 4,250 పెట్టడానికి మాత్రం ధైర్యం చాలింది, ఎందుకంటే రెండేళ్లు నడిచినా నెలకు 200 కూడా పడదు. ఒంగోలులో మా తమ్ముడి మెషిన్ విషయంలో నేనే మార్చమని చెప్పాను. వాడిది అతికించిన టబ్బు, తలుపు రబ్బరు చిరిగింది, బోర్డు అంతకు ముందే ఒకసారి బాగు చేయించారు. మూడు జబ్బులు కలిసొచ్చినప్పుడు పంతం పట్టడంలో అర్థం లేదు.

కొత్తది కొనేవాళ్లు ఒక సంగతి గమనించండి. మెషిన్ ముందు పెద్ద అక్షరాలతో పదేళ్ల వారంటీ అని అంటించి ఉంటుంది. చాలావాటిలో అది మోటారుకు మాత్రమే. బేరింగు, సీలు, స్పైడర్ మెషిన్ మొత్తానికి ఇచ్చే మామూలు వారంటీలోకే వస్తాయి. ముందుగా అరిగేవి అవే, హామీ తక్కువున్నదీ వాటికే. అమ్మేవాళ్లను అడగాల్సింది రంగు, మోడ్ల సంఖ్య కాదు, బేరింగు విడిగా మార్చవచ్చా, టబ్బు ధర ఎంత అని. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఇంట్లో వాడే వస్తువులూ దాని పరిధిలోకి వస్తాయి. కంపెనీ సరిగా జవాబు చెప్పకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. అడిగేవాళ్లు పెరిగితేనే స్క్రూలున్న టబ్బులు మిగులుతాయి.

పాతది మార్చేసే వాళ్లు దాన్ని ఎవరికి ఇస్తున్నారో కూడా చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడి పడేసిన ఇలాంటి వస్తువులను రీసైక్లింగుకు చేర్చే బాధ్యత తయారీదారులది. కొత్తది తెచ్చిన బండిలోనే పాతది తీసుకెళ్తారా అని అడగండి.

మెషిన్ తిరిగొచ్చాక నాన్న దగ్గరుండి కాళ్లు సరిచేశారు. పైన గిన్నెలో నీళ్లు పెట్టి, నీటి అంచు అన్ని వైపులా సమంగా నిలిచేదాకా కాళ్ల మరలు తిప్పారు. మొదటి స్పిన్‌కు మళ్లీ తెడ్డు అడిగారు. ఈసారి వెనక రేకు బిగించే ఉంది కాబట్టి పై మూతకు ఆనించి విన్నారు. మోటారు ఝుమ్మంటోంది, ఇంకేమీ లేదు.

ఆయన చెప్పిన జాగ్రత్తలు పాటిస్తున్నాను. సబ్బు పొడి తగ్గించి ద్రవం వాడుతున్నాను, పని అయ్యాక తలుపు తెరిచి ఉంచుతున్నాను, నెలకోసారి ఖాళీగా వేడినీళ్లతో తిప్పుతున్నాను. రోజువారీ బట్టలకు స్పిన్ 800 దగ్గరే పెడుతున్నాను. కావలి ఎండకు అంతకంటే పిండక్కర్లేదు. అత్తయ్య దుప్పట్లకు మాత్రం 1200.

బోర్డు పోయిన రోజున ఈ మెషిన్ని వదిలేస్తాం, అది మా ఆయనా నేనూ ముందే అనుకున్నాం. మొన్న నెల్లూరు వెళ్లినప్పుడు ట్రంకు రోడ్డులో ఒక దుకాణంలో అడిగాను. టబ్బు విప్పవచ్చా అంటే అమ్మే కుర్రాడికి తెలియలేదు. కానీ విసుక్కోలేదు. సర్వీసు వాళ్లకు ఫోను చేసి, మూడు మోడళ్లలో రెండింటికి బేరింగు విడిగా మార్చవచ్చని కనుక్కుని చెప్పాడు. ఆ రెండింటి పేర్లు రాసుకుని వచ్చాను.